మావాడు అన్నం అడిగితే అద్దం అన్నాడు

మావాడికి నాలుగేళ్లప్పుడు మా ఇంట్లో ఒక జోకు నడిచేది. ఆకలేస్తే వాడు "అబ్బా, అద్దం" అనేవాడు. అంటే "అమ్మా, అన్నం". మా ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా పనిగట్టుకుని "ఏం కావాల్రా నీకు?" అని అడిగేది. వాడు అద్దం అనగానే గోడకున్న అద్దం తీసుకొచ్చి పళ్లెం పక్కన పెట్టేది. అందరం పడీ పడీ నవ్వేవాళ్లం. వాడూ నవ్వేవాడు. అప్పటి ఫొటోలు ఇప్పుడు చూస్తుంటే కడుపులో దేవినట్టుంటుంది. కేకు ముందు, మాలకొండలో గుండు కొట్టించిన రోజు, వాళ్ల నాన్న బండి మీద, ఎక్కడ చూసినా నోరు తెరిచే ఉంటుంది. కింది పెదవి వేలాడుతూ ఉంటుంది. కళ్ల కింద నీలం చారలు.

నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. టంగుటూరు దగ్గర పల్లెలో బడి, ఒంగోలులో కాపురం. పదకొండేళ్లుగా "మ" గుణింతం, "న" గుణింతం చెప్పిస్తున్నదాన్ని. కన్నకొడుకు "మ"ను "బ" అని, "న"ను "ద" అని పలుకుతుంటే ముద్దుమాట అనుకున్నాను. మ, న అక్షరాలు పలకాలంటే గాలి ముక్కులోంచి పోవాలి. ముక్కు వెనకదారి మూసుకుపోతే మ కాస్తా బ అవుతుంది, న కాస్తా ద అవుతుంది. కావాలంటే మీ ముక్కు గట్టిగా పట్టుకుని "అమ్మా, అన్నం" అనండి. ఆ తర్వాత వదిలేసి అనండి. తేడా వినిపిస్తుంది కదా. మావాడి ముక్కు పట్టుకున్నా, వదిలినా ఒకేలా అనేవాడు. పైసా ఖర్చులేని ఈ పరీక్ష రోజూ మా భోజనాల దగ్గరే జరిగేది. మేం దాన్ని చూసి నవ్వుకున్నాం.

దీన్ని మన వైపు "ముక్కులో కండ పెరిగింది" అంటారు. ఆ మాట వల్లే సగం గందరగోళం. ముక్కులో పెరిగే కండలు వేరే రకాలు కూడా ఉన్నాయి. మావాడి ముక్కు వెనకదారి మూసింది అడినాయిడ్స్. అవి ముక్కు లోపల ఉండేవి కావు. ముక్కు దాటి వెనక్కి వెళ్తే, కొండనాలుకకు పైన, గొంతు పైకప్పుకు అంటుకుని ఉండే మెత్తటి గడ్డ అది. టాన్సిల్స్‌కు తోబుట్టువు లాంటిది. టాన్సిల్స్ నోరు తెరిపించి టార్చి వేస్తే కనబడతాయి, ఇది కనబడదు. పుట్టిన దగ్గర్నుంచీ అందరికీ ఉంటుంది. ముక్కులోంచి వచ్చే క్రిములను గుర్తుపట్టడం చిన్న వయసులో దాని పని. సుమారు ఐదు నుంచి ఏడేళ్ల దాకా పెరిగి, ఆ తర్వాత మెల్లగా కుంచించుకుపోయి, పదిహేను పదహారేళ్లకు చాలామందిలో దాదాపు లేకుండా పోతుంది.

అంటే "పెద్దయితే అదే పోతుందిలే" అన్న మా అత్తయ్య మాట నూటికి నూరుపాళ్లూ నిజం. నా పేచీ అంతా ఆ నిజంతోనే. అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. నిజం కాబట్టే ఆ మాట పట్టుకుని మేం ఏడాదిన్నర కూర్చున్నాం. గడ్డ పోతుంది, సరే. అది పోయేలోపు పిల్లాడు మాటలు నేర్వాలి, చదవడం నేర్వాలి, నిద్రపోయి ఎదగాలి, పళ్లు మార్చుకోవాలి. ఆ పనులు గడ్డ కరిగేదాకా ఆగవు.

మా అత్తగారిది కొండపి దగ్గర పల్లె. పొగాకు రైతులు. ఆకును వేడికి ఆరబెట్టే కొట్టాన్ని అక్కడ బ్యారన్ అంటారు. మావాడి గురక మొదలైనప్పుడు ఆవిడ "వాళ్ల తాత పోలికమ్మాయ్. బ్యారన్ పొయ్యి కాడ కూర్చున్నచోటే గురక పెట్టేవాడాయన" అని మురిసిపోయింది. గురక అంటే మనకు గాఢనిద్ర. "గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు" అంటే హాయిగా ఉన్నాడని అర్థం. పిల్లల విషయంలో ఈ లెక్క తప్పు. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వస్తే పరవాలేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు నాలుగు రాత్రులు, నెలల తరబడి గురక పెడుతుంటే డాక్టరుకు చెప్పాల్సిన సంగతే.

ఒక సంక్రాంతి సెలవుల్లో ఆ పల్లెలోనే ఒక రాత్రి నాకు మెలకువ వచ్చింది. గురక వల్ల కాదు, గురక ఆగిపోవడం వల్ల. వాడు మెడను వెనక్కి విల్లులా వంచి, తల దిండు మీంచి జార్చి పడుకున్నాడు. ఛాతీ లేస్తోంది, పడుతోంది, చప్పుడు మాత్రం లేదు. మెడ కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర నీళ్లలోంచి పైకి లేచినవాడిలా గుటకేసి, పెద్ద ఊపిరి తీసి, అటు తిరిగాడు. అంత చలిలోనూ చొక్కా వీపున తడిసిపోయి ఉంది. మళ్లీ గురక. ఇరవై నిమిషాలు చూశాను, నాలుగుసార్లు అలాగే అయింది. మూడేళ్లకే మానేసిన పక్క తడపడం ఆ చలికాలం మళ్లీ ఎందుకు మొదలైందో తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. రాత్రి ఊపిరి ఇలా తెగుతూ ఉంటే కొందరు పిల్లల్లో అదీ జరుగుతుందట.

పెద్దవాళ్లు రాత్రి నిద్ర చాలకపోతే పగలు కునుకు తీస్తారు. పిల్లకాయలు చాలామంది అలా కాదు. కోతులవుతారు. కుదురుండరు, చిన్నదానికే ఏడుస్తారు, చెప్పింది వినరు. మావాడి యూకేజీ మేడమ్ డైరీలో రాసేది, "ఇన్‌అటెన్షన్" అని. నేను ఆ డైరీ మీద సంతకం పెట్టి వాడి వీపు మీద ఒకటిచ్చేదాన్ని.

వైద్యం చేయించలేదని కాదు. ఆ ఏడాది ఆరుసార్లు యాంటీబయాటిక్ తాగించాం. జలుబు అనగానే సిరప్, చెవి పోటు అనగానే ఇంకో సిరప్. ముక్కు దిబ్బడకు చుక్కల మందు, అదీ వారాల తరబడి. ఆ చుక్కలు మూడు నుంచి ఐదు రోజులకు మించి వేస్తే ముక్కు ఇంకా ఎక్కువ మూసుకుపోతుందని అప్పుడు మాకెవరూ చెప్పలేదు, మేమూ అట్టపెట్టె మీద చదవలేదు. రాత్రిపూట వేసే అలర్జీ సిరప్‌లో మాంటెలుకాస్ట్ ఉండేది. ఈ మందు కొందరిలో పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పులు తెస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో దాని మీద గట్టి హెచ్చరిక వేయించింది. వాడొద్దని నేను అనడం లేదు, ఆస్తమా ఉన్న పిల్లలకు అవసరమే కావచ్చు. అది తాగుతున్నప్పుడు పిల్లాడి తీరు మారితే డాక్టరుకు చెప్పాలని తెలిసి ఉండాలి కదా, అంతే.

చివరికి ఒక ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాం. పేరెందుకులెండి. మెడకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు. ఫిల్మ్ లైటుకు పెట్టి "ఎనభై శాతం బ్లాక్. గురువారం తీసేద్దాం" అన్నారు. మంగళవారం సాయంత్రం అది. రాత్రి ఎలా పడుకుంటాడని అడగలేదు. చెవుల్లోకి చూశారో లేదో నాకు గుర్తులేదు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య ఒక్కటే మాట అంది. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. అయిదేళ్ల బిడ్డకు మత్తిచ్చి కోపిస్తారా?" మా ఆయన "మద్రాసు పోదాం" అన్నాడు. మన జిల్లాలవాళ్లకు ఏం తోచకపోతే మద్రాసే కదా.

మద్రాసు దాకా పోలేదు. తోటి టీచరు చెప్పిన ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఎక్స్‌రే కవరు తీసుకుని, తెరవకుండా బల్ల మీద పెట్టి, "వీడియో ఉందా?" అని అడిగింది. నాకర్థం కాలేదు. "రాత్రి నిద్రపోయేటప్పుడు తీసిన వీడియో. లేకపోతే తీసుకుని రండి. లైటు వేసి, చొక్కా విప్పి, ఛాతీ మొహం కనబడేలా తీయండి. తెల్లవారుజామున తీస్తే మంచిది." ఊపిరి ఆగడాలు తెల్లవారుజాము నిద్రలో ఎక్కువగా కనిపిస్తాయట.

ఎక్స్‌రే గురించి ఆవిడ చెప్పిన మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఫిల్మ్ తీసే క్షణంలో పిల్లాడు ఏడ్చినా, గుటక వేసినా, నోరు తెరిచినా ఆ నీడ మారిపోతుంది. సన్నటి కెమెరా గొట్టం ముక్కులోంచి పంపి చూసే ఎండోస్కోపీ ఇంకాస్త మెరుగు. కానీ ఏది చూసినా గడ్డ ఎంతుందో తెలుస్తుందే తప్ప, అది పిల్లాడిని ఏం చేస్తోందో తెలియదు. మా ఆడబిడ్డ కూతురే దానికి సాక్ష్యం. ఆ పిల్లకూ ఆరేళ్లప్పుడు ఎక్స్‌రేలో డెబ్బై ఐదు శాతం అని వచ్చింది. గురక ఉంది, ఆగడం లేదు. చెవులు శుభ్రంగా వినబడుతున్నాయి. బరువు పెరుగుతోంది. ఆ పిల్లకు ఇదే డాక్టరమ్మ ముక్కు స్ప్రే ఇచ్చి, ఆగమంది. ఇప్పుడు తొమ్మిదేళ్లు, ఆపరేషన్ లేకుండానే గురక పోయింది. ఒకే ఇంటి పిల్లలు, ఇంచుమించు ఒకే ఫిల్మ్, తీర్పులు రెండు.

మావాడి దగ్గర తీర్పు మార్చింది చెవి. వినికిడి పరీక్ష గది చిన్న పెట్టెలా ఉంటుంది. వాడికి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి రంగు రింగులిచ్చి, "కూ అని వినబడగానే ఒకటి బుట్టలో వెయ్యి నాన్నా" అని చెప్పారు. నేను అద్దం ఇవతల కూర్చున్నాను. పరీక్ష చేసే అమ్మాయి మీట తిప్పుతోంది. వాడు రింగు పట్టుకుని ఆమె మొహం చూస్తున్నాడు. ఎంతకీ వేయడు. మీట ఇంకాస్త తిప్పింది, ఇంకాస్త. అప్పుడు టక్కున వేసి, మెచ్చుకోమన్నట్టు నావైపు చూసి నవ్వాడు. రెండు చెవుల్లోనూ ముప్పై ఐదు డెసిబెల్స్. పిల్లలకు పదిహేను, ఇరవై లోపే వినబడాలి. చెవిపొర కదలికకు ఇంకో పరీక్ష ఉంది, అందులో గీత గుట్టలా లేవాలి. మావాడిది పొలం గట్టులా చదునుగా పోయింది. పొర వెనక జిగట నీళ్లు నిండి ఉన్నాయి. నొప్పి లేదు, చీము లేదు, జ్వరం లేదు. కాబట్టే మాకు తెలియలేదు.

చెవి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. చెవిలోకి గాలి పంపేది అదే. పిల్లల్లో అది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. దాని మూతి సరిగ్గా ఈ అడినాయిడ్ పక్కనే తెరుచుకుంటుంది. గడ్డ వాచినా, అందులో క్రిములు తిష్ట వేసినా గొట్టం పనిచేయదు. అసలు ఈ జబ్బును లోకానికి చెప్పినాయన కూడా చెవి మీదుగానే ముక్కు వెనక్కి చేరాడు. డెన్మార్క్‌లో విల్‌హెల్మ్ మేయర్ అనే డాక్టరు 1868లో రాశాడు. వినికిడి తగ్గి, మాట ముద్దగా వస్తున్నవాళ్ల గొంతు వెనక్కి వేలు పోనిచ్చి చూస్తే ఈ గడ్డలు తగిలాయట. మన బళ్లలో పరధ్యానం, మొండి, మొద్దు అని పేర్లు పెట్టే పిల్లల్ని ఆయన ఒకటిన్నర శతాబ్దం కిందటే చెవులు, ముక్కు పట్టి చూశాడు. టీచర్ని అయ్యుండి నాకు ఈ సంగతి తెలియడానికి నా కొడుకు కావలసి వచ్చింది.

అయినా డాక్టరమ్మ వెంటనే కత్తి తీయలేదు. చెవిలో నీళ్లు చాలామందిలో మూడు నెలల్లో వాటంతటవే పోతాయి, అందుకని ఆగి మళ్లీ పరీక్ష చేయాలంది. ఈలోపు ఉప్పునీటి చుక్కలు, ముక్కులోకి స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనగానే మా ఆయన మొహం మారింది. ముక్కులో కొట్టే ఆ డోసులో ఒంట్లోకి పోయేది చాలా తక్కువని నచ్చజెప్పి, కొట్టే పద్ధతి చూపించింది. అదొక విద్య. తల కొంచెం ముందుకు వంచాలి, కుడి ముక్కుకు ఎడమచేయి, ఎడమ ముక్కుకు కుడిచేయి, సీసా మూతి మధ్య గోడవైపు కాకుండా బయటివైపు, అదే పక్క కంటి దిక్కుగా ఉండాలి. గట్టిగా పీల్చకూడదు, పీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది. రెండు రోజుల్లో గుణం కనబడదు, వారాలు పడుతుంది. మేం ఒక డైరీ పెట్టుకున్నాం. ఇంకో షరతు, పొగ. మా మామగారు చుట్ట అరుగు దాటించి బయటికి వెళ్లి కాల్చడం మొదలుపెట్టారు. బ్యారన్లు మండే రోజుల్లో మేం పల్లెకు వెళ్లలేదు. అత్తయ్యకు కోపం వచ్చింది. వస్తే రానీ అనుకున్నాను.

ఆ మూడు నెలలూ నేను చదివినవి నన్ను ఒక పక్కకు తోయలేదు. అమెరికాలో 2013లో వచ్చిన చాట్ అనే అధ్యయనంలో నిద్రలో ఊపిరి ఆగే 464 మంది పిల్లలను తీసుకున్నారు, ఐదు నుంచి తొమ్మిదేళ్లవాళ్లు. సగం మందికి టాన్సిల్స్, అడినాయిడ్స్ తీశారు, సగం మందికి ఆగి చూశారు. ఏడు నెలలకు నిద్ర పరీక్ష మామూలైనవాళ్లు ఆపరేషన్ వైపు 79 శాతం, ఆగినవైపు 46 శాతం. ఏకాగ్రత పరీక్షలో పెద్ద తేడా లేదు కానీ, ప్రవర్తన, పగటి హుషారు ఆపరేషన్ అయినవాళ్లలో మెరుగయ్యాయి. ఈ లెక్కను తొందరపడేవాళ్లూ చూపించుకోవచ్చు, ఆగుదామనేవాళ్లూ చూపించుకోవచ్చు. దాదాపు సగం మంది కత్తి లేకుండానే బాగుపడ్డారు మరి. ఇక 2018లో మేయర్ దేశంలోనే దాదాపు 12 లక్షల మంది పిల్లల రికార్డులు తిరగేసి చూస్తే, చిన్నప్పుడు ఇవి తీయించుకున్నవాళ్లలో తర్వాత శ్వాస జబ్బులు ఎక్కువ కనబడ్డాయి. తీయడం వల్లే వచ్చాయని రికార్డులు తేల్చలేవు, అసలే జబ్బు పడే పిల్లలకే కదా తీసేది. అయినా "పనికిమాలిన గడ్డే కదా, తీసేస్తే పోలా" అనేవాళ్లకు అది జవాబే. అత్తయ్య భయం మరీ పిచ్చిదేం కాదు.

మూడు నెలలకు గురక కొంచెం తగ్గింది. ఊపిరి ఆగడం తగ్గలేదు. చెవిలో గీత మళ్లీ చదునే. అప్పుడు డాక్టరమ్మ చేద్దామంది. చేసేముందు టార్చి వేసి, వాడి కొండనాలుక చాలాసేపు చూసింది, అంగుడు వేలితో తడిమింది. ఎందుకని అడిగాను. కొండనాలుక రెండుగా చీలి ఉంటే, అంగుడు లోపల కనబడని చీలిక ఉండొచ్చట. అలాంటి పిల్లలకు ఈ గడ్డే గాలి కారకుండా అడ్డుపడుతుంటుంది. తీసేస్తే మాటంతా ముక్కులోంచి పోతుంది. ఆ రోజు ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను, మీ కొండనాలుక సామెత డాక్టర్లకూ తెలుసని.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. పూర్తి మత్తు, పని నోట్లోంచే, బయట కోత లేదు, కుట్టు లేదు. చెవిపొరల్లో గ్రోమెట్లని చిన్న గొట్టాలు కూడా పెట్టారు. మర్నాడు ఇంటికి. వారం రోజులు నోరు వాసన, కొంచెం చెవి పోటు, మెత్తటి తిండి. రక్తం కనబడితే అర్ధరాత్రయినా రమ్మన్నారు, కనబడలేదు. చిన్న పిల్లల్లో మళ్లీ పెరిగే అవకాశం కొంత ఉంటుందని కూడా ముందే చెప్పారు.

మొదటి రాత్రి నేను నిద్రపోలేదు. గది అంత నిశ్శబ్దంగా ఉండటం కొత్త. రెండుసార్లు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. గాలి రెండు రంధ్రాల్లోంచీ వెచ్చగా తగిలింది. నాలుగో రోజు వాడు వంటింట్లోకి వచ్చి, "మిక్సీ ఎందుకమ్మా అట్లా అరుస్తోంది?" అన్నాడు. మా మిక్సీ కొన్నప్పట్నుంచీ అలాగే అరుస్తోంది. "అమ్మా" అన్నాడు కదా, అది నేను గమనించింది కాసేపటి తర్వాత.

ఏ పిల్లాడిని ఎప్పుడు చూపించాలని నన్ను చాలామంది తల్లులు అడుగుతుంటారు. ఫిల్మ్ ఫొటోలు వాట్సాప్ చేస్తారు. నేను డాక్టర్ని కాదు, ఫిల్మ్ చూడను. రాత్రి ఊపిరి ఆగుతోందా, పొద్దున పిలిస్తే ఒక్కసారికి పలుకుతాడా, రెండే అడుగుతాను. పెదాలు నీలంగా మారితే వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఊపిరి ఆగడం, బరువు పెరగకపోవడం ఉంటే ఆగే ప్రశ్నే లేదు, ఆ వారమే వెళ్లాలి. చెవి సంగతైతే పరీక్ష వెంటనే, నిర్ణయం నిదానంగా. మిగతావాటికి నెల అటూ ఇటూ అయినా కొంప మునగదు. ఇంకో మాట. ఒక పక్క ముక్కులోంచే కుళ్లు వాసన చీమిడి కారుతుంటే అది అడినాయిడ్ అనుకోకండి, శనగ గింజో పూసో ఇరుక్కుని ఉండొచ్చు. బొమ్మలోని బటన్ బ్యాటరీ అయితే గంటలు కూడా ఆగకూడదు. అలాగే పద్నాలుగు పదిహేనేళ్ల మగపిల్లాడికి ఒక పక్క ముక్కు మూసుకుపోయి రక్తం కారుతుంటే అది చిన్నపిల్లల కండ కాదు, వేరే జబ్బు కావచ్చు. సర్కారు కార్డు మీద చేయించుకోవాలనుకునేవాళ్లు ముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి అడగాలి, చేరాక కాదు.

మావాడికి ఇప్పుడు ఏడేళ్లు. పై పళ్లు ముందుకొచ్చి ఇరుకుగా ఉన్నాయి, అంగుడు ఎత్తుగా ఉంది. అన్నాళ్లు నోటితో ఊపిరి తీయడం దానికి కొంత కారణం కావచ్చని పళ్ల డాక్టరు అన్నారు. క్లిప్పులు పడతాయట. గడ్డ తీశాం కానీ పన్నెండో ఏట ఆ క్లిప్పుల బిల్లు కట్టాల్సింది మేమే.

మా బడిలో రెండో తరగతిలో ఒక పిల్ల ఉంది. "పుస్తకం తియ్యండి" అంటే అందరూ తీసేదాకా చూసి, అప్పుడు తీస్తుంది. అరక్షణం ఆలస్యం, అంతే. నిరుడంతా దాన్ని "నిద్రమొహం" అని తిట్టాను. బళ్లకు వచ్చి పిల్లల్ని చూసే బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచీ ఉంది, వినికిడి లోపం ఆ జాబితాలో ఉంది. నిరుడు ఆ టీం వచ్చినప్పుడు నేను ఆ పిల్లను చూపించలేదు, నాకు తోచలేదు. ఈసారి చేయి పట్టుకుని తీసుకెళ్లి ముందు నిలబెట్టాను. ఒంగోలు పంపారు. రెండు చెవుల్లోనూ నీళ్లున్నాయట, మూడు నెలలు ఆగి చూద్దామన్నారట. వాళ్లమ్మ పొగాకు గ్రేడింగ్ పనికి పోతుంది. కూలి పోగొట్టుకుని రెండోసారి వెళ్తుందో లేదోనని వచ్చే నెల పన్నెండో తారీఖుకు నేనే సెలవు పెట్టుకున్నాను. అందాకా ఆ పిల్లను మొదటి బెంచీలో, నా బల్లకు ఎదురుగా కూర్చోబెట్టాను. నిన్న అందరికంటే ముందు పుస్తకం తీసింది.